గీత కింది లోకం

మా గైడుగారు థీసిస్ చాప్టరు చేతికి తీసుకుంటే ముందు చదివేది పేజీ అడుగున ఉన్న గీత కింద. గీత పైన నేను రాత్రులు కూచుని పేర్చుకున్న వాక్యాల జోలికి ఆయన తర్వాతెప్పుడో వచ్చేవారు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఫుట్‌నోట్ల వరస మీద పెన్సిల్ మొన నడిపిస్తూ, ఒక్కోదాని పక్కన చిన్న టిక్కు పెట్టుకుంటూ పోయేవారు. ఎక్కడైనా పెన్సిల్ ఆగిందంటే నా గుండె కూడా అక్కడే ఆగేది. తలెత్తకుండానే అడిగేవారు: "ఇది నువ్వు చూశావా?"

చదివావా అని కాదు, చూశావా అని. చూడడమంటే ఆ సంపుటం అలమరలోంచి తీసి, దుమ్ము దులిపి, ఆ పేజీ మీద కళ్లు పెట్టడం. కళ్లారా చూసిన సాక్షికీ, ఊళ్లో అనుకుంటుంటే విన్న సాక్షికీ ఎంత తేడా ఉందో, చూసి వేసిన ఫుట్‌నోటుకీ, ఇంకొకరి ఫుట్‌నోటు చూసి వేసిన ఫుట్‌నోటుకీ అంత తేడా అనేవారు. ఏళ్ల తరబడి ఎవిడెన్స్ యాక్టు పాఠం చెప్పిన మనిషి మరి.

ఇది 1980కీ 83కీ మధ్య మాట. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతదాకా సవరించవచ్చు అన్నది నా అంశం. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదన్న కేశవానంద భారతి తీర్పు వచ్చి ఏడేళ్లయింది. మినర్వా మిల్స్ తీర్పు అప్పుడే వేడివేడిగా దిగింది. తీర్పులు సంపాదించడం కష్టం కాదు. ఏ పట్నంలో ఏ ప్లీడరుగారి ముందుగదిలోకి వెళ్లినా నాగపూర్‌లో అచ్చయ్యే ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) సంపుటాలు గోడ నిండా ఉండేవి. కేశవానంద అంటే ఏఐఆర్ 1973 సుప్రీంకోర్టు 1461. నాకు మా ఇంటి నంబరు కంటే ఆ నంబరే ముందు నోటికొచ్చేది. చిక్కల్లా వ్యాసాలతోనే. తీర్పు రాజబాట మీద కనిపిస్తుంది. దాన్ని తప్పుపడుతూనో మెచ్చుకుంటూనో ఒక ప్రొఫెసరు రాసిన వ్యాసం ఏ సందులో ఉందో వెతుక్కోవాలి.

లా పత్రికలోని వ్యాసాన్ని ఉటంకించే తీరు బయటివాళ్లకు వింతగా ఉంటుంది. రాసినవారి పేరు, వ్యాసం పేరు చెప్పాక సంపుటం నంబరు, పత్రిక పేరు, వ్యాసం మొదలయ్యే పేజీ, సంవత్సరం. అంతే. ఏ నెల సంచికో చెప్పరు. ఏడాది పొడుగునా పేజీల నంబర్లు ఆగకుండా నడుస్తాయి కనక ఆ అవసరం లేదు. మొదటి సంచిక 120వ పేజీతో ముగిస్తే రెండోది 121తో మొదలవుతుంది. ఏడాది చివర బైండరు అట్టలూ ప్రకటనలూ పీకేసి అన్నీ కలిపి కుట్టేస్తాడు. ఇక నెలలు లేవు, పేజీలే. 4 హార్వర్డ్ లా రివ్యూ 193 అంటే చాలు, 1890 డిసెంబరులో వారెన్, బ్రాండైస్ కలిసి ఏకాంతపు హక్కు మీద రాసిన వ్యాసం గుమ్మంలో దిగుతాం. ఆ చిరునామా పట్టుకుని ఎన్ని కోర్టులు ఆ గడప తొక్కాయో లెక్కలేదు. 2017లో పుట్టస్వామి కేసులో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనమూ తొక్కింది.

అయితే ఆ నాలుగు ముక్కల్ని ఏ వరసలో పెట్టాలన్నది మళ్లీ తగువు. అమెరికావాళ్లు సంవత్సరాన్ని చివర్లో వేస్తారు. ఇంగ్లీషువాళ్లు ముందు వేస్తారు. ముందు వేసినప్పుడు గుండ్రటి బ్రాకెట్టా, పలక బ్రాకెట్టా అన్నది ఇంకో తగువు. సంపుటానికి సొంత నంబరు ఉంటే సంవత్సరం గుండ్రటి బ్రాకెట్లో కూచుంటుంది. నంబరు లేక సంవత్సరాన్ని బట్టే సంపుటాన్ని పట్టుకోవలసి వస్తే పలక బ్రాకెట్లోకి మారుతుంది. హార్వర్డ్‌లో 1926లో ఇలాంటి నియమాలతో 26 పేజీల చిన్న పుస్తకం తెచ్చారు. అదే పెరిగి పెరిగి వందల పేజీల బ్లూబుక్ అయింది. మా చేతికి ఆ పుస్తకం ఎప్పుడూ రాలేదు. మా గైడుగారే మాకు బ్లూబుక్. ఢిల్లీలోని ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల జర్నల్ కట్ట ముందు పడేసి, "వీళ్లు ఎలా వేశారో చూసి అలా వెయ్యి, సొంత తెలివి వాడకు" అనేవారు.

చూసిన ప్రతిదానికీ ఒక కార్డు రాయాలి. లైబ్రరీ కేటలాగులో వాడేలాంటి అయిదు అంగుళాలు పొడుగు, మూడు అంగుళాలు వెడల్పు కార్డులు బజార్లో దొరికేవి గానీ స్కాలర్‌షిప్పు డబ్బులతో వందలకు వందలు కొనే తాహతు నాకు లేదు. మా ఇంట్లో శుభలేఖలకు మాత్రం కరువు లేదు. గట్టి అట్ట, వెనకవైపు తెల్లగా ఉంటుంది. వాటినే కత్తిరించుకున్నాను. నాలుగు మూలలా పసుపు, ముందువైపు చి॥ల॥సౌ॥, చి॥ అని సగం సగం పేర్లు. వెనకవైపు లా క్వార్టర్లీ రివ్యూ. ఒకసారి ఇంకా జరగని పెళ్లి శుభలేఖకు కత్తెర పెడుతుంటే మా అమ్మ చూసి నెత్తిన ఒక్కటి మొట్టింది. కార్డు కుడివైపు మూల గైడుగారి ఆజ్ఞ ప్రకారం రెండు సంగతులు రాయాలి: ఎక్కడ చూశాను, ఏ తేదీన చూశాను. అన్నీ కలిపి రెండు చెప్పుల డబ్బాలు నిండాయి.

లైబ్రరీకి జర్నల్స్ వచ్చే తీరు ఇప్పటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. విదేశీ పత్రికలు ఓడలో వచ్చేవి. జనవరి సంచిక వేసవి సెలవుల ముందు వస్తే అదృష్టం. వచ్చాక కొన్ని నెలలు బల్లమీద విడిగా ఉండేది. సంపుటం పూర్తయిందనగానే మాయమయ్యేది. అడిగితే అటెండరు చూపు ఎత్తకుండా, "బైండింగుకి పోయింది బాబూ" అనేవాడు. ఆ మాటకు మేము భయపడినంతగా వైవాకు కూడా భయపడలేదు. బైండింగుకు వెళ్లినది దసరాకు వస్తుందో సంక్రాంతికి వస్తుందో లైబ్రేరియనుకే తెలియదు. ఈలోగా ఫుట్‌నోటు పక్కన పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టి వదిలేసేవాళ్లం. సున్నాలు అయిపోతే థీసిస్ అయిపోయినట్టు.

ఒక వ్యాసం ఎంత దూరం నడవగలదో నాకు తెలిసింది కాన్రాడ్ వల్ల. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉండే జర్మన్ పండితుడు డీటర్ కాన్రాడ్. 1965 ఫిబ్రవరిలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వచ్చి, సవరణాధికారానికి ఆ అధికారంలోనే ఇమిడి ఉన్న పరిమితుల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మద్రాసు నుంచి వెళ్లిన పెద్ద న్యాయవాది ఎం.కె.నంబియార్ గోలక్‌నాథ్ కేసులో ఆ వాదాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టాడు. 1967 ఫిబ్రవరి 27న తీర్పు చెప్పిన పదకొండుమంది ధర్మాసనానికి పెద్ద మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు. ఆ తీర్పు ఆ వాదాన్ని ఆధారం చేసుకోలేదు. కానీ అది చచ్చిపోనూ లేదు. మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ ఇయర్ బుక్ ఆఫ్ ఇంటర్నేషనల్ అఫైర్స్‌లో కాన్రాడ్ రాసిన వ్యాసాన్ని 1973లో కేశవానందలో జస్టిస్ ఖన్నా పేరెత్తి మరీ ప్రస్తావించాడు. అంతర్జాతీయ వ్యవహారాల వార్షికలో రాజ్యాంగ సవరణ వ్యాసం! ఎవరు వెతుకుతారు అక్కడ? పైగా ఆ పుస్తకం మీద ఒక సంవత్సరం కాదు, రెండు ఉన్నాయి: 1966-67. ఏ సంవత్సరం వెయ్యాలి అని గైడుగారిని అడిగాను. "పుస్తకం మీద ఏముంటే అది. నువ్వెవరు తేల్చడానికి?" అన్నారు. కాన్రాడ్ కార్డు మా వీధి చివరి షావుకారుగారి అబ్బాయి పెళ్లి వెనక ఉంది.

కేశవానంద మీద వ్యాసాలన్నీ ఇంత తిప్పలు పెట్టలేదని ఒప్పుకోవాలి. లక్నో నుంచి వచ్చే సుప్రీంకోర్ట్ కేసెస్, అంటే ఎస్‌సీసీ 1974 మొదటి సంపుటం తెరిస్తే, జర్నల్ భాగంలో 3వ పేజీలో పి.కె.త్రిపాఠి వ్యాసం, 45వ పేజీలో ఉపేంద్ర బక్షీ వ్యాసం. ఒకే సంపుటంలో ఇద్దరు మహామహులు. అసలీ కేసులో గెలిచిందెవరు అని త్రిపాఠి వేసిన ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పదముగ్గురు జడ్జీలు తీర్పు రాస్తే, దాని సారాంశం కాగితం మీద సంతకం పెట్టింది తొమ్మిదిమందే. మరి ఆ కాగితానికి విలువెంత? అలాంటి వ్యాసం చదివాక తీర్పు మళ్లీ మొదటినుంచీ చదవాలి. చదివాను, ఏడువందల పైచిలుకు పేజీలు.

ఇప్పుడు ఒక 36వ పేజీ సంగతి.

గోలక్‌నాథ్ మీద ఏఐఆర్ జర్నల్ భాగంలో ఒక న్యాయవాది రాసిన వ్యాసం ఉంది. సంవత్సరం చెప్పను. చెబితే ముగ్గురు పెద్దవాళ్లను వేలెత్తి చూపినట్టవుతుంది. వాళ్లు ముగ్గురూ తమ పుస్తకాల్లో ఆ వ్యాసాన్ని ఉటంకించి, అందులోని ఒక ముఖ్యమైన మాట 36వ పేజీలో ఉందన్నారు. నేనూ అలాగే వేశాను. పెన్సిల్ ఆగింది.

"ఇది నువ్వు చూశావా?"

"ముగ్గురూ అదే వేశారు మాష్టారూ."

"ముగ్గురు చూశారో, ఒకడు చూశాడో, ఒక్కడూ చూడలేదో నీకేం తెలుసు?"

మా లైబ్రరీలో ఆ ఏడాది ఏఐఆర్ ఉంది. జర్నల్ భాగం లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఏఐఆర్ అచ్చయ్యే తీరే అంత. నెలనెలా వచ్చే సంచికలో సుప్రీంకోర్టుకు ఒక భాగం, ఒక్కో హైకోర్టుకు ఒక్కో భాగం, జర్నల్‌కు ఒక భాగం. దేని పేజీల నంబర్లు దానివే. ఏడాది అయ్యాక పన్నెండు సంచికల కుట్టు విప్పి, సుప్రీంకోర్టు కాగితాలన్నీ ఒకచోట, ఆంధ్రప్రదేశ్ కాగితాలన్నీ ఒకచోట చేర్చి మళ్లీ కుట్టాలి. జర్నల్ కాగితాలు సన్నటి కట్ట. ప్లీడర్లకు దాంతో పనిలేదు. జడ్జీ ముందు చూపించడానికి తీర్పు కావాలి గానీ వ్యాసం ఎందుకు? బైండరు అడిగితే పక్కన పడెయ్యమనేవాళ్లు. అలా దేశంలో ఎన్ని జర్నల్ భాగాలు శనగల పొట్లాలయ్యాయో.

ఆ చిన్నచూపు నాకు కొంచెం కోపం తెప్పించేది. ఎందుకంటే అప్పటికి మూడేళ్ల కిందటే, మథుర అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టినప్పుడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ నలుగురూ ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ అచ్చయిందీ అలాంటి జర్నల్ భాగంలోనే: 1979 నాలుగో సంపుటం ఎస్‌సీసీ, జర్నల్ 17. దేశమంతా కదిలింది, 1983లో చట్టం మారింది. శనగలు కట్టుకునే కాగితాల బలం అది.

ఆ వ్యాసం కోసం తెలిసిన వకీళ్లందరికీ ఇన్‌లాండ్ లెటర్లు రాశాను. నాలుగైదు జవాబులు వచ్చాయి, లేదని. ఆఖరికి రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు. జర్నల్ కట్టలు అటక మీద ఉన్నాయి, ఏ సంవత్సరాలవో తెలియదు, కోర్టుకు వేసవి సెలవులిచ్చారు కాబట్టి పదో తేదీన బెంగళూరులో అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నాం, తొమ్మిదిన రాగలిగితే రండి అని. 1982 మే. తొమ్మిది ఆదివారం. ఆ రోజు నేను ఉండవలసిన చోటు ఇంకొకటి ఉంది. థీసిస్ గడువు ముంచుకొస్తోంది. సాయంత్రం బండికి తిరిగొచ్చేద్దాంలే అనుకుని రాత్రి పాసింజరు ఎక్కాను.

ఇన్నీసుపేటలో ఇల్లు. అరుగు మీద గుమాస్తా, "ఆయ్, తవరేనాండీ జర్నల్ కోసం వచ్చింది?" అని ఎగాదిగా చూశాడు. ఒక పాత కాగితాల కట్ట కోసం మనిషి రైలెక్కి రావడం అతనికి నవ్వొచ్చినట్టుంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కాఫీ ఇప్పించి, నిచ్చెన వేయించి, తనే కింద నిలబడి పట్టుకున్నారు. అటక మీద పచ్చడి జాడీల వెనక, ముగ్గుబుట్ట పక్కన, పురికొసతో కట్టిన పది పన్నెండు కట్టలు. ఒక్కోటీ విప్పి చూస్తున్నాను. తొమ్మిదో కట్టలో దొరికింది. చివర్లు చెదలు కొరికాయి, అక్షరాలు మిగిలాయి.

36వ పేజీ తీశాను. ఆ మాట లేదు. అసలది ఆ వ్యాసమే కాదు, స్టాంపు డ్యూటీ గురించి ఇంకెవరో రాసింది. చెమటలు పట్టాయి. మొదటి పేజీ నుంచి ఒక్కోటీ తిప్పుతూ వెళ్లాను. 61వ పేజీలో మావాడి వ్యాసం మొదలైంది. 63వ పేజీలో, రెండో కాలమ్ మధ్యలో, ఆ మాట ఉంది. ఎవరో మొదటివాడు 63ను తిరగేసి 36 చేశాడు. రెండోవాడు మొదటివాడిని చూసి వేశాడు, మూడోవాడు రెండోవాడిని చూసి. ముగ్గురిలో ఇద్దరైనా ఆ పేజీ మొహం చూడలేదు. నేను నాలుగోవాణ్ణి కాబోయాను.

ఇంకో సంగతి. ఆ మాటకు కిందనే రచయిత ఒక మెలిక పెట్టాడు. పైన చెప్పింది ఒప్పుకుంటూనే, అది అత్యవసర పరిస్థితికి వర్తించదన్నాడు. ఆ మెలిక ముగ్గురి పుస్తకాల్లోనూ లేదు. నా చాప్టరులో రెండు పేజీలు కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.

జిరాక్సు చేయిద్దామంటే ఆదివారం, షాపు మూసి ఉంది. పెద్దాయన కట్ట ఇంటికి తీసుకెళ్లమన్నారు గానీ నేనే వద్దన్నాను, ముట్టుకుంటే పొడి రాలుతోంది. అరుగు మీద బెంచీ వేసుకుని చేత్తో రాసుకున్నాను, ఆరున్నర పేజీలు, ఏ పేజీ ఎక్కడ ముగిసిందో నిలువు గీతలు పెట్టుకుంటూ. ముఖ్యమైన ముక్క మాత్రం జేబులోంచి కార్డు తీసి దానిమీద విడిగా రాశాను. భోజనం వేళకు సగం కూడా కాలేదు. పెద్దాయన పక్కనే పడక్కుర్చీలో కూచుని కబుర్లు చెప్పారు. "మా రోజుల్లో కోర్టులో వ్యాసం చదవబోతే జడ్జీ ఏమడిగేవాడో తెలుసా? రాసినాయన ఉన్నాడా పోయాడా అని. పోతేనే చదవనిచ్చేవాడు." ఇది ఆయన కల్పించింది కాదు. బతికున్న రచయితను ప్రమాణంగా ఉటంకించకూడదన్న ఆచారం ఇంగ్లండు కోర్టుల్లో చాలాకాలం ఉండేది. అభిప్రాయం మార్చుకునే ప్రమాదం చచ్చినవాడికి లేదు కదా. "మా ఊరి సుబ్బారావు దగ్గర ఆ పట్టింపు ఉండేది కాదట" అన్నారు. అది నిజమో, ఊరి మీది ప్రేమో.

రాయడం అయ్యేసరికి దీపాలు పెట్టారు. సాయంత్రం బండి వెళ్లిపోయింది.

మర్నాడు గైడుగారి దగ్గర నా పరిశోధన గర్వంగా విప్పాను. ఆ ముగ్గురి తప్పూ ఒక పెద్ద ఫుట్‌నోటులో ఏకరువు పెడతానన్నాను. ఆయన వింటూ వింటూ ఉండి, "పేజీ సరిగ్గా వెయ్యి. చాలు" అన్నారు.

ఇక టైపు. యూనివర్సిటీ గేటు బయట ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. పొద్దున లోయరు, హయ్యరు పరీక్షల పిల్లలు, మధ్యాహ్నం నుంచి జాబ్ వర్కు. థీసిస్ టైపంటే యజమాని తనే కూచునేవాడు. ఒక బాండ్ పేపరు, వెనక నాలుగు పల్చటి కాగితాలు, మధ్యలో నాలుగు కార్బన్లు. ఫుట్‌నోట్లు ఉన్న పేజీకి రేటు వేరు. ఎందుకో ఆయన పని చూశాక తెలిసింది. పైన టైపు చేస్తూ చేస్తూ, కింద ఎన్ని నోట్లు పడతాయో, ఒక్కోటీ ఎన్ని లైన్లు మింగుతుందో ముందే లెక్క కట్టాలి. అందుకోసం కుడివైపు అంచున లైన్ల నంబర్లు రాసిన ఒక కాగితం అన్నిటికీ వెనక పెట్టి, అది కాస్త బయటికి కనిపించేలా ఎక్కించేవాడు. 41వ లైను దగ్గర ఆపి గీత కొట్టాలి. లెక్క ఒక్క లైను తప్పితే పేజీ మొత్తం మళ్లీ. ఫుట్‌నోటు అంకె వేయడానికి రోలరును అరలైను వెనక్కి తిప్పి, కొట్టి, మళ్లీ ముందుకు తిప్పేవాడు. ఆ మిషన్లో ఒకటి అంకె లేదు, చిన్న ఎల్ అక్షరమే ఒకటి. పలక బ్రాకెట్లు లేవు. వాటికి ఖాళీ వదిలితే రాత్రి నేను నల్ల ఇంకుతో, స్కేలు పెట్టి, అయిదు కాపీల్లోనూ గీసుకునేవాణ్ణి.

అన్నిటికంటే పెద్ద గండం 'సుప్రా'. ఒకసారి పూర్తిగా చెప్పిన వ్యాసాన్ని మళ్లీ చెప్పవలసి వస్తే మొత్తం రాయరు. త్రిపాఠి, సుప్రా నోట్ 47 అంటారు, అంటే పైన 47వ నోటులో చూసుకో అని. బాగానే ఉంది. మూడో చాప్టరు టైపయ్యాక 12వ నోటు తర్వాత రాజమండ్రి వ్యాసం కొత్తగా వచ్చి కూచుంది. 13 కాస్తా 14, 14 కాస్తా 15. 47వ నోటు 48 అయింది. 47ను నమ్ముకున్న సుప్రాలన్నీ గల్లంతు. ఒక్క ఫుట్‌నోటుకు నలభై పేజీలు, అయిదేసి కాపీలు. టైపిస్టు కాగితాలు చూసి, నన్ను చూసి, "ఏమండీ, ఆ వచ్చినాయన్ని చాప్టరు చివర్లో కూచోబెట్టలేరా?" అన్నాడు. పెళ్లిపందిట్లో ఆలస్యంగా వచ్చిన చుట్టం గురించి అడిగినట్టు. కుదరదన్నాను. తర్వాతి చాప్టర్ల నుంచి మా ఇద్దరికీ ఒక ఒప్పందం: సుప్రా అని కొట్టి నంబరు దగ్గర ఖాళీ వదిలెయ్యడం, అంతా అయ్యాక కార్బన్లు పెట్టి ఖాళీలు నింపడం. నా థీసిస్ చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది, ఆ అంకెలు పక్క అక్షరాల కంటే వెంట్రుకవాసి పైనో కిందో ఉంటాయి.

వైవాకు వచ్చిన పరీక్షకుడు ఉత్తరాది మనిషి, గంభీరంగా ఉన్నారు. సరిగ్గా ఆ పేజీ దగ్గర గుర్తు పెట్టుకుని వచ్చారు. "అందరూ ఈ మాట 36లో ఉందన్నారు. మీరు 63 అన్నారు. టైపు తప్పా?" అన్నారు ఇంగ్లీషులో. నేను సంచీలోంచి చేతిరాత కాగితాలూ కార్డూ తీసి బల్లమీద పెట్టాను. ఆయన కార్డు మూల ఉన్న ఊరు, తేదీ చదివారు. పసుపు అంచు వేలితో తడిమి చూశారు. ఇంకే ప్రశ్నా అడగలేదు. గైడుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆ లోకం ఒక్కరోజులో పోలేదు. ముందు వీధివీధికీ జిరాక్సు వచ్చింది, చేత్తో రాయడం పోయింది. కంప్యూటరు వచ్చింది, సుప్రా నంబర్లు వాటంతటవే మారడం నేర్చుకున్నాయి. ఆ రోజు మా టైపిస్టు గుర్తొచ్చాడు. 2000లో అమెరికాలో లా పత్రికల డేటాబేసు హైన్ ఆన్‌లైన్ మొదలైంది. తర్వాత మన దగ్గరా ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర. వారెన్, బ్రాండైస్ వ్యాసం ఇప్పుడు ఫోనులో చదువుకోవచ్చు, అదే అచ్చు, అదే 193వ పేజీ. సంపుటాలూ లేవు, బైండరూ లేడు, పేజీ నంబరు మాత్రం మిగిలింది, పడిపోయిన ఇంటి గుమ్మానికి డోర్ నంబరులాగా. ఇప్పటి సౌకర్యాన్ని తిట్టే పెద్దమనిషిని కాను. ఆ బైండింగు నెలలూ, ఓడ కోసం ఎదురుచూపులూ మళ్లీ రావాలని ఎవరైనా కోరుకుంటే వాళ్లకు పనిలేదన్నమాట. కానీ 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేనే లేని తీర్పులను నంబర్లతో సహా ఉటంకించి 5000 డాలర్లు జరిమానా కట్టారన్న వార్త చదివినప్పుడు మాత్రం పైకే నవ్వాను. జడ్జీ ఇంగ్లీషులో ఎన్ని పేజీలు రాసినా ఆయన అడిగింది మా గైడుగారి ప్రశ్నే.

ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని ఇంటికి వచ్చింది. మౌలిక స్వరూపం మీదే పని చేస్తోంది. డ్రాఫ్టు చూడమని ఇచ్చింది. అలవాటు పోలేదు, గీత కిందికి వెళ్లాను. 212వ నోటు దగ్గర ఆగాను. అదే వ్యాసం. 36వ పేజీ.

"ఇది నువ్వు చూశావా అమ్మా?"

"లేదు సర్. మా డేటాబేసులో ఆ ఇయర్ జర్నల్ సెక్షన్ లేదు. కానీ ఆరుగురు అదే సైట్ చేశారు సర్."

ముగ్గురు ఆరుగురయ్యారన్నమాట. లేచి లోపలికెళ్లి చెప్పుల డబ్బా తెచ్చాను. రబ్బరు బ్యాండ్లు ముట్టుకోగానే తెగిపోయాయి. కార్డు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి చదివింది, ఫోనుతో ఫొటో తీసుకుంది. "దీన్ని ఎలా సైట్ చెయ్యాలి సర్? ఆథర్ దగ్గర ఫైల్లో ఉంది అని వెయ్యొచ్చా?" అంది. వెయ్యకూడదు, కార్డు చూస్తే వ్యాసం చూసినట్టు కాదు, ఆ కట్ట ఇంకా ఎక్కడైనా ఉందేమో వెతుకు అన్నాను. సరే అంటూ ఆమె కార్డు వెనక్కి తిప్పింది. పసుపు మూల, సగం తెగిన పేరు, కింద ముహూర్తం.

"రెండు వైపులా ఒకే డేట్ ఉంది సర్. 9-5-82. ఎవరి పెళ్లి ఇది?"

"మా అక్కయ్య కూతురిది."

"ఆ రోజు మీరు రాజమండ్రిలో ఉన్నారా? మరి మేనమామ కదా సర్ పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకొచ్చేది?"

"మా బాబాయి కొడుకు మోశాడు" అన్నాను.